పేరు లేని గురువులు
(కొన్ని నూతన కల్పనల వెనుకటి నిజమైన కథలు)

విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదమున నిలచి ప్రకాశం బ్యారేజిని చూచినపుడు మనకు ఇనుప తలుపులు, కాంక్రీటు స్తంభములు, వంతెనపై సాగిపోవు వాహనములు కన్పించును. ఇట్టి కట్టడమును గాని, ఒక క్రొత్త యంత్రమును గాని, ఒక క్రొత్త వరి వంగడమును గాని చూచినపుడు, దీనిని ఎవరో గొప్ప విద్యావంతులు పట్టణములో కూర్చుండి కనిపెట్టియుందురని మనము తలచుట సహజము. కాని నిజమైన కథలను విచారించినచో, వానిలో పెక్కింటి మొదట ఒక సామాన్యుని చేతిపనియో, అనుభవమో, బాధయో కానవచ్చును. అట్టి మూడు కథలను గ్రామ పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము. మొదటి రెండును మన కృష్ణా డెల్టాకు సంబంధించినవి. మూడవది పొరుగున నున్న తెలంగాణమునకు చెందినది.

ఇసుకలో పునాది

1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు మండలములో ఘోరమైన క్షామము సంభవించెను. దానినే పెద్దలు డొక్కల కరువని చెప్పుకొనిరి. నాటి లెక్కల ననుసరించి, మండలములోని సుమారు ఐదు లక్షల జనములో రెండు లక్షల మంది నశించిరి. కృష్ణానది ఆ సీమ ప్రక్కగనే ప్రవహించుచున్నను, దాని నీటిని పొలములకు మళ్ళించు సాధనము లేకుండెను. బెజవాడ వద్ద రెండు కొండల నడుమ ఆనకట్ట కట్టవచ్చునను ఆలోచన 18వ శతాబ్ది చివరి దశాబ్దములోనే పుట్టినది. కాని అది కార్యరూపము దాల్చుటకు అరువది సంవత్సరములు పట్టినది.

ఇందులోని ముఖ్యమైన చిక్కు ఇసుక. నది అడుగున ఎంత లోతు త్రవ్వినను ఇసుకయే వచ్చుచుండగా, గోడను దేనిపై నిలుపవలెను? ఇసుకపై కట్టిన గోడకు రెండు విధములైన ముప్పు కలదు. ఎగువన నిలచిన నీరు గోడ క్రిందుగా దారి చేసికొని, దిగువకు పోవుచు ఇసుకను కూడ వెంట తీసికొనిపోవును. గోడ మీదుగా దుమికిన వరదనీరు దిగువ ప్రక్కను గోతులు చేయును. ఈ రెండింటిలో ఏది జరిగినను పునాది డొల్లయై గోడ కూలును.

ఈ చిక్కును విప్పిన కీర్తి సర్ ఆర్థర్ కాటన్ గారికి దక్కినది. ఆయన 1803లో జన్మించి, పదునెనిమిదేండ్ల వయస్సున, 1821లో మన దేశమునకు వచ్చిరి. కాని ఆ విద్యను తాను ఎక్కడ నేర్చితినో ఆయనయే దాచక వ్రాసియున్నారు. తిరుచిరాపల్లికి దిగువను కావేరిపై కల్లణై అను ప్రాచీనమైన ఆనకట్ట కలదు. అది కరికాల చోళుడు కట్టించినదని ప్రసిద్ధి. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు ఉపాయమును ఆ కట్టడమును నిర్మించిన వారి నుండియే తాము నేర్చితిమనియు, పిమ్మట తాము కట్టిన వంతెనలకును ఆనకట్టలకును ఆ పాఠమే ఆధారమైనదనియు కాటన్ గారు అంగీకరించిరి. అంతే కాదు, తాను వచ్చిన తొలి దినములలో ఇక్కడి ప్రజలు తెల్లవారిని గూర్చి, వీరు యుద్ధమునందు మాత్రమే నేర్పరులు, మన పూర్వులు కట్టిన వానిని మరమ్మతు చేయుటకైనను చాలరని చెప్పుకొనుచుండిరనియు, ఆ నింద న్యాయమైనదే యనియు ఆయన వ్రాసిరి. ఒక ఉన్నతోద్యోగి తన వారిపై వచ్చిన నిందను ఇట్లు ఒప్పుకొనుట అరుదు.

ఆ ఉపాయము వినుటకు సులభముగనే యుండును. పెద్ద పెద్ద బండలను ఇసుకలో పడవేయవలెను. వరదకు ఇసుక కదలినపుడు అవి లోనికి దిగును. వానిపై మరల బండలు వేయవలెను. కొంతకాలమునకు రాళ్ళు ఇక దిగని స్థితికి వచ్చి గట్టిపడును. దీనికి తోడు మన గ్రామములలో నూతులు త్రవ్వువారికి తెలిసిన మరియొక పద్ధతియు ఉపయోగపడినది. ఒర కట్టి, దాని లోపలి ఇసుకను తోడుచుండగా, ఒర తన బరువుచేతనే క్రిందికి దిగును. అట్లు దింపిన బావులను నింపి, వానిపై గోడను లేపుదురు. గోడకు దిగువను విశాలముగా రాళ్ళు పరచుదురు. నీరు ఊరినను ఇసుక జారిపోకుండ నిలచును.

కొల్లిడం నదిపై 1836లో ముగిసిన ఆనకట్టలకును, గోదావరిపై ధవళేశ్వరము వద్ద 1847 నుండి 1852 వరకు కట్టిన ఆనకట్టకును ఈ పాఠమే మూలము. బెజవాడ వద్ద కెప్టెన్ చార్లెస్ ఓర్ గారి పర్యవేక్షణమున 1852లో పని ప్రారంభమై 1855లో ముగిసినది. ఆ ఆనకట్ట పొడవు సుమారు 3,700 అడుగులు. అది దాదాపు నూరేండ్లు పని చేసి, 1952 వరదలలో గండిపడినది. ఆ పిమ్మట 1954లో మొదలిడి 1957లో ముగించిన బ్యారేజికి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టిరి. నేడు దాని క్రింద సుమారు 13 లక్షల ఎకరములు సాగగుచున్నవి.

ఇక్కడ గమనింపదగిన వింత మరియొకటి కలదు. ఇసుక పునాదుల క్రింద నీరు ఏ విధముగా నడచునో, దానిని ఎట్లు లెక్కకట్టవలెనో ఎ.ఎన్. ఖోస్లా గారును వారి సహచరులును శాస్త్రీయముగా నిరూపించి గ్రంథముగా ప్రకటించినది 1936లో. అనగా బెజవాడ ఆనకట్ట ముగిసిన ఎనుబది యొక్క సంవత్సరములకు. చేతికి ముందు తెలిసిన దానికి సూత్రము తరువాత వచ్చినది.

పిడికెడు విత్తనములు

నీరు వచ్చిన పిమ్మట డెల్టాకు కావలసినది మంచి విత్తనము. 1950 తరువాతి సంవత్సరములలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున, కటకములోని కేంద్ర వరి పరిశోధనాలయమున, మన ప్రాంతపు వరులను జపాను జాతి వరులతో సంకరము చేయు కార్యక్రమము సాగినది. అందులో పుట్టిన సంతతిలో ఒకటి మలేషియాకు పోయి, అక్కడ ఎంపిక చేయబడి, 1965లో మహసూరి అను పేర విడుదలయినది. అదియే తిరిగి మన దేశమునకు వచ్చి మసూరి అయినది.

అయితే దానికి ఇక్కడ తొలుత స్వాగతము లభింపలేదు. అది ఎత్తుగా పెరిగి, గాలివానకు పడిపోవు పైరగుటచే, పరిశోధకులు దానిని వలదనిరి. అటు తరువాత జరిగిన దానిని వ్యవసాయ శాస్త్రజ్ఞుడు డి.ఎం. మౌర్య 1989లో ప్రకటితమైన తన వ్యాసమున తెలిపియున్నారు. దాని ప్రకారము, ఆ గింజలు కొన్ని ఒక వ్యవసాయ కూలీ ద్వారా ఆంధ్రదేశమున ఒక రైతు చేతికి చేరినవి. ఆ పొలము నుండి ప్రక్క పొలమునకు, ఆ ఊరి నుండి ప్రక్క ఊరికి ప్రాకి, తుదకు మసూరి దేశములో మిక్కిలి విస్తారముగా సాగు వరులలో ఒకటి అయినది.

శాస్త్రజ్ఞులు పొరబడిరని దీని అర్థము కాదు. పైరు పడిపోవుట నిజమే. కాని ఎరువు తక్కువ వేసినను పండుట, బియ్యము సన్నగా నుండుట, అన్నము రుచిగా నుండుట అను గుణములకు సామాన్య రైతు ఎక్కువ విలువ కట్టెను. పరిశోధనా క్షేత్రములో వేసిన తూకము ఒకటి, రైతు ఇంటిలో వేసిన తూకము మరియొకటి. రెండును కావలసినవే.

ఆ మసూరియే తరువాత మన డెల్టాలోని బాపట్లలో మరియొక వంగడమునకు తల్లిదండ్రులలో ఒకటి అయినది. కోనామణి పైరులో తనంతట తాను కలిగిన మార్పు నుండి ఎన్నుకొన్న జి.ఇ.బి. 24 రకమును, తైవాను దేశపు పొట్టి వరియైన తైచుంగ్ నేటివ్ 1తో సంకరపరచి, దానిని మసూరితో కలిపి సృష్టించిన బి.పి.టి. 5204 అనునది 1986లో సాంబ మసూరిగా విడుదలయినది. నేడు పెండ్లి భోజనములలో వడ్డించు సన్నన్నము పెక్కుచోట్ల ఇదియే. దీనికి ఎండాకు తెగులు పట్టుచుండగా, హైదరాబాదులోని రెండు పరిశోధన సంస్థలు కలసి, తెగులును తట్టుకొను మూడు జన్యువులను చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని రైతుల కందించినవి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుండి గ్రహింపబడినది. గడ్డి వంటి ఆ మొక్క మన పొలములను కాపాడుచున్నది. ఎక్కడి విత్తనము ఎప్పుడు అక్కరకు వచ్చునో ముందుగా చెప్పుట ఎవరి తరము?

తల్లి భుజము

ఇక మూడవ కథ. నల్లగొండ ప్రాంతమున ఆలేరు సమీపమున శారాజీపేట అను గ్రామము కలదు. అక్కడ చింతకింది మల్లేశము అను చేనేత కుటుంబపు బాలుడు ఆరవ తరగతితో చదువు మానవలసివచ్చెను. పోచంపల్లి తరహా చీర నేయుటకు ముందు, నూలును మేకులపై వరుసగా చుట్టుటను ఆసు పోయుట అందురు. ఒక్క చీరకు చేతిని ఇటు నటు సుమారు తొమ్మిది వేల పర్యాయములు ఆడింపవలెను. ఈ పని ఇంటి స్త్రీలది. తల్లి లక్ష్మి గారు భుజపు నొప్పితో ప్రతి రాత్రి బాధపడుటను చూచి, ఆ పనిని చేయు యంత్రమును తయారుచేయుటకు మల్లేశము 1992లో పూనుకొనెను.

డబ్బు అయిపోయినది. ఊరివారు నవ్విరి. పని సగములో ఆగినది. బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరి, బాలానగరులో విద్యుత్తు పనులు చేయుచు, ఒక కర్మాగారములో ఒక యంత్రపు కదలికను చూడగా, తనకు చిక్కని కీలకము ఆయనకు తట్టెను. 1999లో యంత్రము పూర్తయినది. గంటల తరబడి సాగిన పని ఒకటిన్నర గంటలో ముగియసాగెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదు నిచ్చినది. ఆ యంత్రమునకు ఆయన తల్లి పేర లక్ష్మి ఆసు యంత్రమని నామకరణము చేసిరి.

మన కర్తవ్యము

ఈ మూడు కథలను కలిపి చూచిన ఒక సంగతి స్పష్టమగును. కనిపెట్టుటకు మొదటి మెట్టు శ్రద్ధతో చూచుట, వినుట. కాటన్ గారు పాత కట్టడము నుండి నేర్చుకొనిరి. పక్కన పెట్టిన గింజను ఒక కూలీ గుర్తించెను. ఒక కుమారుడు తల్లి మూలుగు వినెను. అయితే కల్లణైలో బండలు మోసిన వారి పేర్లు మనకు దక్కలేదు. మసూరి కథ చెప్పిన వ్యాసములో ఆ కూలీ పేరు లేదు. ముగ్గురిలో లక్ష్మి గారి పేరు మాత్రమే నిలచినది. వ్రాసియుంచు వారు ఉండుటయే దానికి కారణము.

ఆ వ్రాసియుంచు పని పంచాయతీలది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచి, గ్రామములోని విత్తనములను, మొక్కలను, పశుజాతులను, వానిని గూర్చి ప్రజలకు గల జ్ఞానమును ఒక రిజిస్టరులో నమోదు చేయవలసియున్నది. మీ ఊరిలో ఈ రిజిస్టరు ఉన్నదా? ఉన్నచో అందులోని పుటలు నిండినవా, లేక సంతకములు మాత్రమే యున్నవా? 2001 నాటి మొక్కల వంగడముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము క్రింద, రైతు తాను కాపాడిన లేక తయారుచేసిన వంగడమును తన పేర నమోదు చేయించుకొనవచ్చును. పల్లెటూళ్ళలో పుట్టిన ఉపాయములను పరీక్షించి ప్రోత్సహించుటకు జాతీయ నవకల్పనల సంస్థ 2000 నుండి పని చేయుచున్నది.

కాబట్టి రాబోవు గ్రామసభలో ఒక ప్రశ్నను కార్యక్రమములో చేర్చుడు. పాత విత్తనము దాచియుంచిన వారెవరు? కాలువ తూము మొరాయించినపుడు సరిచేయగల పెద్ద ఎవరు? ఏ పనిముట్టునైనను తన అవసరమునకు తగినట్లు మార్చుకొన్నవారెవరు? ఏ పని చేయునప్పుడు మన స్త్రీల నడుము, భుజము నొచ్చుచున్నది? చెప్పిన దానినంతయు నమ్మవలెనని కాదు. మొదట వినవలెను, తరువాత పొలములో పరీక్షింపవలెను, నిలచిన దానిని చెప్పినవారి పేరుతో సహా వ్రాయవలెను.

అప్పుడు మరి నూరేండ్లకు ఎవరైన మన డెల్టా కథ వ్రాయబూనినపుడు, ఆ కూలీ పేరు తెలియదని వ్రాయవలసిన అగత్యము వారికి కలుగదు.