మా తాత కన్ను – మన జన్యువులు



పోయిన వేసవి సెలవుల్లో తండాకు పోయినప్పుడు మా తాత నన్ను చూసి, "నీ గొంతు తెలుస్తుంది గానీ మొఖం నడిమధ్యన నల్లగా ఉందమ్మా" అన్నాడు. తలుపు చట్రం వంకరగా కనపడుతుందని ఏడాది ముందే చెప్పినాడంట. శుక్లమే కదా, సెనక్కాయలు పీకినాక చూద్దామనుకున్నారు ఇంట్లో. ఆసుపత్రికి పోయేసరికి కుడికన్ను చేయి దాటింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండిందా?" అని డాక్టరు అడిగితే, "మా నాయనకూ ఇట్లే. మా వంశం రాత" అన్నాడు తాత. నాకు భయం పట్టుకుంది. మా సైన్సు సారును అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

కంటి వెనక నేత్రపటలం మధ్యలో పచ్చచుక్క ఉంటుంది. చదవడం, మనిషిని గుర్తుపట్టడం దానివల్లే. వయసు మళ్లినాక కొందరికి అది దెబ్బతింటుంది.

మన రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు సూక్ష్మక్రిములను చంపుతాయి. అవి మన కణాల మీదనే పడకుండా ఫ్యాక్టర్ ఎచ్ అనే ప్రోటీను ఆపుతుంది. దాని జన్యువు 1వ క్రోమోజోములో ఉంది. ఈ ప్రోటీనులో 402వ స్థానంలో టైరోసిన్‌కు బదులు హిస్టిడిన్ వస్తే ఆపే శక్తి తగ్గుతుంది, పచ్చచుక్క కింద వాపు నిలిచిపోతుంది. ఈ సంగతి 2005లో బయటపడింది. మనదేశపు రోగుల్లోనూ ఇదే మార్పు ఉందని 2006లో హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి శాస్త్రవేత్తలు చూపించారు.

వాపు ఉన్నచోట కణాలు వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీనును ఎక్కువగా వదులుతాయి. కొత్త రక్తనాళాలు పెరగమని అది ఇచ్చే కబురు. కరువులో మనవాళ్లు తొందరపడి బోరు పక్కన బోరు వేసినట్లు నాళాలు అడ్డదిడ్డంగా పుడతాయి. అవి గట్టివి కావు. నీరు, రక్తం కారి చూపు చెడుతుంది.

మరి జన్యువు ఉంటే కన్ను పోవాల్సిందేనా? కాదు! జన్యువు ముప్పును పెంచుతుంది, అంతే. బీడీ, సిగరెట్టు ఆ ముప్పును ఇంకా పెంచుతాయి. జన్యువును మార్చుకోలేం, బీడీని మానుకోగలం. వి.ఇ.జి.ఎఫ్.ను అడ్డుకునే మందును కంట్లోకే ఇంజెక్షన్‌గా ఇస్తారు. తాత ఎడమకంటికి అదే వేస్తున్నారు. ఆ కంటితో నన్ను గుర్తుపడుతున్నాడు. బీడీ మాత్రం ఇంకా దాచుకొని తాగుతున్నాడు. నేను పోట్లాడుతూనే ఉన్నాను.

ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ అవ్వాతాతలను ఒక కన్ను మూసి, ఇంకో కంటితో కిటికీ కమ్ములు చూడమనండి. తర్వాత రెండో కంటితో చూడమనండి. కమ్ములు వంకరగా కనపడితే పంట పని అయ్యేదాకా ఆగవద్దు. వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

– 9వ తరగతి విద్యార్థిని