నిలిచినప్పుడు నిలవని ఇంజను

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, బారువ)

మన పాఠ్యపుస్తకంలో నాలుగు స్ట్రోకుల ఇంజను ఒక బొమ్మతో, ఒక పేజీతో ముగిసిపోతుంది. పీల్చుట, నొక్కుట, పేలుట, విడుచుట అని నాలుగు మాటలు రాసి మార్కులు తెచ్చుకుంటాం. అదే ఇంజను రైలు గేటు దగ్గర ఆగి మొరాయిస్తే ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో మనలో చాలామందికి తెలియదు. ఈ వ్యాసం ఆ మొదలు గురించే.

మా ఊరు బారువ. మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట, కొబ్బరి తోటల మధ్య ఉంటుంది. మా చిన్నాన్నకు 1980ల నాటి అంబాసిడర్ కారు ఉంది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్తాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో 1958 నుంచి 2014 వరకు తయారు చేసిన కారది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి పాఠకులకు తెలిసినదే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కు పోవలసిన మా వీధివాళ్లను పలాసకు తీసుకెళ్లి తెచ్చేది ఈ కారే. డయాలిసిస్ అయిన మనిషి నీరసంతో సోలిపోయి ఉంటాడు. ఎండలో గేటు దగ్గర బండి ఆగిపోతే, తోడుగా వచ్చినవాళ్లు దిగి తొయ్యాలి. పోయిన వేసవిలో ఇదే పరిస్థితి.

చిన్నాన్న జబ్బు లక్షణం రెండు ముక్కల్లో చెప్పాడు: "రోడ్డు మీద గుర్రంలాగ పరిగెడతాది. ఆపితే సచ్చిపోతాది." జాగ్రత్తగా వింటే సగం రోగనిర్ణయం ఈ మాటల్లోనే ఉంది. ఎలాగో చూద్దాం.

ఐడిలింగ్ ఎందుకు కష్టం?

బండి నిలిచి ఉండి, ఇంజను మాత్రం మెల్లగా తిరిగే స్థితిని ఐడిలింగ్ అంటారు. అప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒక్కసారే గాలి పీలుస్తుంది. ఆ అంబాసిడర్ ఇంజను పరిమాణం 1489 ఘన సెంటీమీటర్లు. నిండా పీల్చుకుంటే నిమిషానికి 1489 × 400, అంటే దాదాపు 600 లీటర్ల గాలి కావాలి. కాని అప్పుడు కార్బ్యురేటరులోని థ్రాటిల్ రేకు దాదాపు మూసి ఉంటుంది. కావున లోపలి పీడనం బయటి పీడనంలో సుమారు 0.4 వంతుకు పడిపోతుంది. నిజంగా లోపలికి పోయేది 240 లీటర్లకు దగ్గరగా ఉంటుంది. అదే ఇంజను థ్రాటిల్ నిండా తెరిచి 4000 చుట్లు తిరిగితే దాదాపు 3000 లీటర్లు పీలుస్తుంది.

ఇప్పుడు ఏదో సందులోంచి నిమిషానికి 24 లీటర్ల దొంగగాలి దూరుతోందనుకుందాం. ఐడిలింగ్‌లో అది పదో వంతు. నిండు వేగంలో నూటికి ఒక వంతు కూడా కాదు. పైగా థ్రాటిల్ తెరవగానే లోపలి లాగుడు తగ్గిపోతుంది కనుక దొంగగాలి ఇంకా తగ్గుతుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలి. కొలతకు రాని గాలి కలిస్తే మిశ్రమం పలచబడి సరిగా అంటుకోదు. అందుకే రోడ్డు మీద గుర్రం, గేటు దగ్గర శవం.

ఈ సంగతి రైతు కుటుంబంలో పుట్టినవాడికి కొత్తేమీ కాదు. బావి దగ్గర పంపుసెట్టు సక్షన్ పైపు ఎక్కడైనా గాలి లాగితే మోటారు ఎంత తిరిగినా నీరు ఎక్కదు. అప్పుడు మన పెద్దవాళ్లు మోటారు విప్పరు. జాయింట్ల మీద పేడ మెత్తి చూస్తారు. ఎక్కడ మెత్తితే నీరు ఎక్కిందో అక్కడే చిల్లు. కారుకైనా ఇదే సూత్రం.

పరీక్షల వరుస

ఇంజను నడవడానికి మూడు కావాలి: సరైన మిశ్రమం, సరైన వేళకు స్పార్కు, తగినంత కంప్రెషన్. మూడింటిలో దేనిది తప్పో విడదీయాలి. డబ్బు ఖర్చులేని పరీక్ష ముందు, విప్పవలసిన పరీక్ష తరువాత. వరుస ఇది.

ఒకటి: అడగడం. చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా, వేడెక్కాకనా? వానలోనా, ఎండలోనా? చివరిసారి ఏ పని చేయించారు, ఆ తరువాత తేడా వచ్చిందా? రాసుకోవాలి.

రెండు: చోక్ పరీక్ష. వేడెక్కిన ఇంజను ఆగిపోబోతున్నప్పుడు చోక్ కొద్దిగా లాగాలి. చోక్ అంటే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచేది. లాగగానే ఇంజను కుదుటపడితే మిశ్రమం పలచగా ఉన్నట్టు: గాలి లాగుతూ ఉండాలి, లేదా పైలట్ జెట్ మూసుకుపోయి ఉండాలి. లాగగానే ఇంకా మొరాయించి నల్లపొగ వదిలితే మిశ్రమం చిక్కగా ఉన్నట్టు: ఫ్లోట్ చాంబరులోని సూది సరిగా మూయడం లేదేమో చూడాలి. ఎటూ తేడా లేకపోతే స్పార్కు వైపు, ఆపైన కంప్రెషన్ వైపు తిరగాలి. పైసా ఖర్చులేని ఈ ఒక్క పరీక్షతో దారి మూడు పాయలుగా విడిపోతుంది.

మూడు: స్పార్కు. డిస్ట్రిబ్యూటరు మూత విప్పి చూడాలి. మా తీరంలో ఉప్పుగాలికి లోపలి ఇత్తడి ముక్కల మీద పచ్చటి చిలుము పడుతుంది, తేమకు కరెంటు పక్కదారి పడుతుంది. పొడిగుడ్డతో తుడవాలి. కాంటాక్ట్ పాయింట్ల మధ్య ఖాళీ సుమారు 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గు ఖాళీ సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. తరువాత ఇంజను తిరుగుతుండగా ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా, రబ్బరు పిడి ఉన్న పటకారుతో తీసి వెంటనే పెట్టాలి. తీసిన ప్రతిసారీ ఇంజను కుంగాలి. ఏది తీసినా కుంగకపోతే ఆ సిలిండరు అసలు పని చేయడం లేదని అర్థం. నాలుగూ సమానంగా కుంగితే తప్పు ఏ ఒక్క సిలిండరుదీ కాదు, నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది.

నాలుగు: పైలట్ జెట్. సోలెక్స్ రకం కార్బ్యురేటరులో ఐడిలింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్నని రంధ్రం వేరుగా ఉంటుంది. ట్యాంకు అడుగు తుప్పు నలుసొకటి చాలు, అది మూసుకుపోవడానికి. విప్పి గాలితో ఊదాలి. తీగ గుచ్చకూడదు, రంధ్రం పెద్దదైపోతుంది.

ఐదు: దొంగగాలి. కార్బ్యురేటరు అడుగు జాయింటు చుట్టూ సన్నని కుంచెతో సబ్బునీళ్లు కొద్దికొద్దిగా రాయాలి. రాసినచోట ఇంజను చప్పుడు మారితే సందు అక్కడే. నీళ్లు పొయ్యకూడదు, పక్కనే ఉన్న ఎగ్జాస్ట్ పోత ఇనుము వేడికి పగలవచ్చు.

ఆరు: ఇవన్నీ సరిగా ఉంటేనే వాల్వులు, కంప్రెషన్. ఇది గేజి ఉన్న మెకానిక్కు పని.

మా కారులో ఏమి దొరికింది

మేము చూసేనాటికే కారు ఒక షెడ్డుకు వెళ్లి వచ్చింది. అక్కడ ప్లగ్గులు, కాయిల్ మార్చారు. జబ్బు పోకపోతే ఐడిలింగ్ స్క్రూ బిగించి వేగం పెంచారు. దాంతో ఇంజను ఆగడం తగ్గింది కాని నిలిచినచోటే గుర్రుమంటూ పెట్రోలు తాగేది, గేరు వేస్తే టక్కుమనేది. జ్వరమానిని విరగ్గొట్టితే జ్వరం తగ్గదు కదా.

స్క్రూ మళ్లీ పాతచోటికి తిప్పి మొదటినుంచీ వచ్చాం. చోక్ లాగితే కుదుటపడింది: మిశ్రమం పలచన. తీగలు తీస్తే నాలుగూ సమానంగా కుంగాయి: తప్పు ఉమ్మడిచోట. పైలట్ జెట్ ఊదాం: మార్పు లేదు. కార్బ్యురేటరు అడుగున సబ్బునీళ్లు రాశాం. బుస్సుమనే చప్పుడు ఒక్కసారి ఆగి, ఇంజను నడక మారింది. విప్పితే గాస్కెట్ ఒక పక్క చీలి ఉంది. బోల్టులు అతిగా బిగించడం వల్ల కార్బ్యురేటరు చెవులు కొద్దిగా వంగి, మధ్యలో సందు ఏర్పడింది. గాజు పలక మీద ఎమరీ కాగితం పరచి ఆ ముఖం చదును చేసి, కొత్త గాస్కెట్ వేశాం. ఐడిలింగ్ నిలిచింది.

అంతటితో సరిపెట్టుకోలేదు. పాత గాస్కెట్ తిరిగి వేసి చూశాం; జబ్బు తిరిగి వచ్చింది. మళ్లీ కొత్తది వేస్తే పోయింది. కారణం దొరికిందని అనడానికి అప్పుడే మనకు హక్కు. ప్రయోగశాలలో మన లెక్చరర్లు పదేపదే చెప్పేది ఇదే. అయిన ఖర్చు ఒక గాస్కెట్, ఒక ఎమరీ కాగితం. అంతకు ముందు మార్చిన కాయిల్ చెడిపోయిందో లేదో ఎవరూ పరీక్షించనే లేదు.

ఇంకో మాట. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక ఈ మిశ్రమానికి కావలసిన గాలి 14.7 వంతులకు బదులు సుమారు 13.5 వంతులే. పాత పెట్రోలుకు సరిచేసిన కార్బ్యురేటరులో మిశ్రమం సహజంగానే పలచబడుతుంది. దానికి చిన్న దొంగగాలి తోడైతే, నిన్నటిదాకా ఓర్చుకున్న ఇంజను ఇవాళ ఓర్చుకోదు. ఇథనాల్ పాత రబ్బరును కూడా పాడు చేస్తుంది. పాత బండ్లవాళ్లు పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం ఏడాదికొకసారి చూపించుకోవడం మంచిది.

జాగ్రత్తలు

మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, ప్రాణం తీస్తుంది. గాలి సందు వెతకడానికి పెట్రోలు చల్లే అలవాటు కొందరికి ఉంది, అది నిప్పుతో చెలగాటం. మెడలో తువ్వాలు వేసుకుని ఫ్యాను దగ్గర వంగరాదు. ప్లగ్గు తీగలో వేల వోల్టులు ఉంటాయి, చేత్తో ముట్టరాదు.

ముగింపు

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి "నీళ్ల వల్లే", "పురుగుమందుల వల్లే" అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు మాకు రోజూ కనబడతారు. ఎన్నో పరిశోధనలు జరిగినా కచ్చితమైన కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. మనిషి శరీరంలో ఒక భాగం తీసి, మళ్లీ పెట్టి చూడటం కుదరదు. యంత్రం దగ్గర ఆ వీలుంది. వీలుండి కూడా ఊహ మీద సామాను మార్చడం దండగ.

మా చిన్నాన్న కారు డాష్‌బోర్డు అరలో ఇప్పుడు ఒక నలభై పేజీల నోటుబుక్కు ఉంది. తేదీ, లక్షణం, చేసిన పరీక్ష, వచ్చిన ఫలితం, ఒకసారికి ఒకే మార్పు. సెలవులకు ఊళ్లకు వెళ్లే మిత్రులు ట్రాక్టరుకో, పంపుసెట్టుకో, పడవ ఇంజనుకో ఇటువంటి పుస్తకం ఒకటి పెట్టించండి. ప్రాక్టికల్ రికార్డు రాయడం మనకు ఎలాగూ వచ్చు.