పద్దెనిమిదేళ్లలోపు విదేశీ క్లబ్బు సాధ్యమేనా?

ప్రశ్న: ఫుట్‌బాల్ ఆడే పదిహేనేళ్ల కుర్రాడికి స్పెయిన్ క్లబ్బులో చోటు ఖాయమంటూ ఒక మధ్యవర్తి ముందుగానే డబ్బు అడిగితే నమ్మవచ్చా? (ఒక తండ్రి, శామీర్‌పేట)

జవాబు: నమ్మకూడదు. మీ ప్రాంతంలోని హకీంపేటలో 1993 నుంచి రాష్ట్ర క్రీడా పాఠశాల నడుస్తోంది కాబట్టి ఇటువంటి ఆశలు సహజమే గాని, ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధనల్లోని 19వ అధికరణం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడి అంతర్జాతీయ బదిలీ, అంటే నమోదును ఒక దేశం నుంచి మరో దేశానికి మార్చడం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప నిషిద్ధం. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంగా కాపురం మార్చడం అందులో ఒకటి కాబట్టి, కుర్రాడి కోసమే తండ్రికి అక్కడ ఉద్యోగం చూపించే ఎత్తుగడ చెల్లదు. మైనర్ల విషయంలో నిబంధనలు మీరినందుకే ఫిఫా 2014లో బార్సిలోనాపై, 2019లో చెల్సీపై కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం విధించింది. అంతటి క్లబ్బులకే తప్పని చిక్కును ఊరూపేరూ లేని మధ్యవర్తి తప్పించగలడనుకోవడం అమాయకత్వం.

విదేశీ క్లబ్బుకు వెళ్లినవారూ వయసు, అనుభవం వచ్చాకే వెళ్లారు: నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోతు సౌమ్యకు 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళా జట్టుకు వెళ్లేనాటికి ఇరవై ఏళ్లు దాటాయి, గోకులం కేరళ క్లబ్బు తరఫున ఆడిన అనుభవమూ ఉంది.

నిజమైన బదిలీలో విదేశీ సమాఖ్య అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రం, అంటే పాత నమోదు నుంచి విడుదల చేసే పత్రం, కోరుతుంది. వాట్సాప్‌లో వచ్చిన లెటర్‌హెడ్ దానికి సాటి రాదు.