పాత కంప్యూటరు: బాగుచేయించడమా, మార్చడమా?

తనిఖీకి వెళ్లినచోటనెల్లా పాలకవర్గ సభ్యులు మమ్ము అడుగుతున్న ప్రశ్న ఇది. చూడి పరీక్ష చేయించకుండా గేదెను సంతకు తోలం గదా! కంప్యూటరుకూ అంతే. ముందు జబ్బేదో తెలుసుకోవాలి.

1. రోజూ తేదీ తప్పు చూపితే, లోపలి సి.ఆర్. 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. ఖర్చు స్వల్పం. అశ్రద్ధ చేస్తే పాల బిల్లుల తేదీలు తారుమారవుతాయి.

2. వేడెక్కి ఆగిపోతుంటే, ముందు ఫ్యానుకు పట్టిన దుమ్ము దులిపించండి.

3. నత్తనడక నడుస్తుంటే, పాత హార్డ్ డిస్కు స్థానే ఎస్.ఎస్.డి. వేయించి, ర్యామ్ 4 జి.బి. ఉంటే 8 చేయించండి. చాలావరకు చురుకు వస్తుంది.

4. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0, తగిన ప్రాసెసరు ఉండాలి. అవి లేని యంత్రాన్ని ఇంటర్నెట్టుకు కలిపి వాడేటట్లయితే, దానిపై పెద్ద ఖర్చు పెట్టడం దండుగ.

ఒక సంఘంలో డిస్కు చెడి, పక్షం రోజుల పాల లెక్క పోయింది. సభ్యుల పాసు పుస్తకాలు తెప్పించి, మేము దగ్గర కూర్చుని తిరిగి రాయించాము. పుస్తకం లేనివారికి ఏమి చెప్పగలం? కనుక రిపేరుకు ఇచ్చేముందే లెక్కలకు వేరే నకలు తీయించండి. తరువాతనే అంచనాలు, తీర్మానం. యంత్రం పోతే కొనవచ్చు. సభ్యుని నమ్మకం కొనలేము.