ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా

ఆడపిల్లల కోసం ఏం చేయాలని కొత్తగా ఉద్యోగాల్లో చేరిన టీచర్లు నన్ను అడుగుతుంటారు. దేవరకొండ, గద్వాల వైపు బళ్లలో పాఠాలు చెప్పినదాన్ని. నాకు తెలిసినవి ఇవి.

1. తల్లిని తప్పుపట్టే ముందు కట్నం లెక్క చూడండి.

1999లోనూ 2001లోనూ దేవరకొండ తండాల పేరు దేశమంతా వినబడింది. మూడో కాన్పులోనో నాలుగో కాన్పులోనో పుట్టిన ఆడశిశువులను దళారులు కొనుక్కుపోతున్నారని, దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్నారని బయటపడింది. లంబాడీ తల్లులకు ప్రేమ లేదా అన్నారు పట్నంలో. తండాల్లో ముసలమ్మలను అడిగితే వేరే సంగతి చెప్పేవారు. వాళ్ల కాలంలో పిల్లను చేసుకునేవాడే ఓలి ఇచ్చుకునేవాడు. చుట్టుపక్కల ఊళ్ల వరస చూసి కట్నం తండాలోకి వచ్చాక, ఇంటికి రాబడిగా ఉన్న పిల్ల అప్పుగా మారింది. ఎకరమో రెండెకరాలో చెలక, పడీపడని వాన, నలుగురు ఆడపిల్లలు. కేసులు పెట్టడం అవసరమే, కాని కేసుతో ఆ అప్పు తీరదు. చదివిన పిల్లకూ కట్నం అడుగుతున్నారు, నిజమే. అయితే కాదనే నోరు ఆమెకు ఉంటుంది, సొంతంగా బతికే దారి ఉంటుంది. ఆ తేడా చిన్నది కాదు.

2. బడికి రాని పిల్ల ఎక్కడ పని చేస్తోందో కనుక్కోండి.

గద్వాల, అయిజ వైపు సీడుపత్తి చేలలో క్రాసింగ్ పని ఉంటుంది. సాయంత్రం మొగ్గలో పుప్పొడి భాగాన్ని గిల్లేసి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దాలి. సరిగ్గా బళ్లు నడిచే నెలల్లోనే రోజూ సాగే పని అది. మొక్క ఎత్తుకు సరిపోతారని, వేళ్లు సన్నగా ఉంటాయని ఆడపిల్లలనే పెట్టుకునేవారు. అడ్వాన్సు తల్లిదండ్రులకు ముందే ముట్టేది. అలాంటి ఇంటికి వెళ్లి చదువు గొప్పదని చెబితే ఎవరు వింటారు? అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తీరుతుంది అని అడగాలి. అదీ క్రాసింగ్ మొదలయ్యాక కాదు, జూన్‌లోనే. వలస కూడా ఇలాంటిదే. గుంపు మేస్త్రీ వెంట పోయే పాలమూరు కుటుంబం చంటిబిడ్డను ఎత్తుకోవడానికి పెద్దపిల్లను తీసుకుపోతుంది. వలస నెలల్లో ఊళ్లోనే హాస్టల్ ఉంటే పిల్ల ఆగుతుంది.

పని చేస్తున్న పిల్లలను క్యాంపుల్లో ఉంచి, చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చవచ్చని శాంతా సిన్హా గారు ఎం.వి. ఫౌండేషన్ ద్వారా చేసి చూపారు. 2003లో ఆమెకు మెగసెసె పురస్కారం వచ్చింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనన్న ఆమె వాదనను నేను పూర్తిగా నమ్ముతాను.

3. డబ్బు బడి రోజుల్లోనే అందాలి.

ఆడపిల్ల పెళ్లికి సర్కారు సాయం ఇచ్చే కల్యాణలక్ష్మి పథకం 2014లో వచ్చింది. మొదట 51,000 రూపాయలు, తర్వాత 1,00,116. పద్దెనిమిది నిండాలన్న షరతు మంచిదే, దానివల్ల వాయిదా పడ్డ పెళ్లిళ్లు చూశాను. కాని ఆ డబ్బు వచ్చేసరికి పిల్ల చదువు సంగతి ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. 2013లో చట్టంగా వచ్చిన బంగారుతల్లి పథకంలో పుట్టినప్పటి నుంచి డిగ్రీ దాకా మెట్టుమెట్టుకూ సొమ్ము ఇవ్వాలన్నారు. రాష్ట్రం విడిపోయాక అది నిలవలేదు, నాకు ఇప్పటికీ బాధే. బంగ్లాదేశ్ 1994 నుంచి ఆరో తరగతి మొదలు పదో తరగతి దాకా పల్లె ఆడపిల్లలకు స్టైపెండ్ ఇచ్చింది. బడికి సరిగ్గా రావాలి, పెళ్లి కాకుండా ఉండాలి, అలాంటివి షరతులు. హైస్కూళ్లు ఆడపిల్లలతో నిండాయి. అప్పట్లో మనకంటే బీద దేశం చేసిన పని అది.

4. నల్లా కూడా ఆడపిల్ల మీద పెట్టుబడే.

మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం బిందెలు మోసింది ఎక్కువగా ఆడవాళ్లు, ఆడపిల్లలే. కృష్ణా నీళ్లు వాకిట్లోకి వస్తే పొద్దుటి గంట మిగులుతుంది. ఇక రక్తం సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర ఇంటికి తీసుకుపోనివ్వకండి. అన్నం తిన్నాక మీ ఎదుటే మింగించండి.

5. "పిల్ల పెద్దమనిషయింది, ఇగ బడికెట్ల తోలాలె మేడం?"

ఈ మాట వెనక భయం ఉంది, దూరం ఉంది. ఊళ్లో బడి ఏడుతో అయిపోతుంది, హైస్కూలు మూడు కిలోమీటర్లు. దూరానికి విరుగుడు అక్కడే ఉండి చదువుకునే బడి. కాని 1971లో సర్వేలులో వచ్చిన తొలి గురుకులం మగపిల్లలది. పేదింటి ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాలు 2004 తర్వాత గాని రాలేదు. ఇప్పుడు కొన్నింట్లో ఇంటర్ కూడా ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. అయితే బస్సు బడి వేళకు రావాలి కదా. డిపో మేనేజర్‌కు కాగితం రాయండి, సర్పంచ్ చేత సంతకం పెట్టించండి.

6. బాల్యవివాహం సంగతి పందిరి వేశాక తెలిస్తే ఆలస్యమే.

పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు తరగతి గోడ మీద రాయించండి. అంతకంటే ముందు స్నేహితురాళ్లను అడగండి, వాళ్లకు అన్నీ తెలుస్తాయి. తర్వాత అమ్మమ్మనో నాయనమ్మనో పట్టుకోండి. పాలమూరులో 1993 నుంచి మహిళా సమత సంఘాల్లో కూర్చున్న ఆడవాళ్లు చాలా ఊళ్లలో ఇంకా ఉన్నారు, మీ వెంట వస్తారు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజే పాసైన ఆడపిల్లల జాబితా రాసుకుని, ఎవరు ఏ కాలేజీలో చేరారో జూలై దాకా ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చూడండి. తప్పినవాళ్ల చేత సప్లిమెంటరీ ఫీజు గడువు దాటకముందే కట్టించండి. పెళ్లి మాటలు ఎక్కువగా మొదలయ్యేది ఆ ఇళ్లలోనే.