ఎండలు ముదిరితే ఎగ్జిమా ముదురుతుందా?

ఎగ్జిమా అనే మాట మన ఊళ్లలో అంతగా వినపడదు. ఒంటి మీద దురద పెట్టే దేనినైనా గజ్జి అనో తామర అనో అనేస్తాము. ఈ మూడూ వేరు వేరు జబ్బులు. గజ్జి కంటికి కనపడని చిన్న పురుగు వలన వస్తుంది. రాత్రిళ్లు దురద ఎక్కువ, ఇంట్లో ఒకరికి వస్తే అందరికీ అంటుకుంటుంది. తామర బూజు జాతికి చెందినది, గుండ్రంగా అంచు లేచి పాకుతుంది. ఎగ్జిమా ఎవరికీ అంటుకోదు. పసిపిల్లలకు బుగ్గల మీద, కొంచెం పెద్ద పిల్లలకు మోచేతి, మోకాలి మడతలలో చర్మం ఎండి, ఎర్రబడి, గీరితే రసి కారుతుంది.

చవుడు మిద్దె కప్పు ఎండకు నెరలు బారితే మొదటి వానకే ఇల్లు కారుతుంది కదా! ఎగ్జిమా ఉన్నవారి చర్మం అటువంటిదే. చర్మంలో ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తు తక్కువైనప్పుడు పైపొర గట్టిగా ఉండదు. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, క్రిములు లోపలికి దిగుతాయి. ఈ బలహీనత చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది గనుక వాతావరణమే ఎగ్జిమాను పుట్టించిందని చెప్పలేము. అయితే ఉన్నదానిని రేపేది మాత్రం వాతావరణమే.

ప్రపంచమంతటా లెక్క కట్టినప్పుడు, 2024 అంతకు ముందు నమోదైన సంవత్సరాలన్నిటికంటే వేడిగా తేలింది. ఉరుకుంద, కౌతాళం, ఆదోని ప్రాంతం మొదటినుండి ఎండల సీమే. ఇక్కడ కొత్తగా వచ్చిన కష్టం, రాత్రిళ్లు కూడా ఒళ్లు చల్లబడకపోవడం. చెమటలోని ఉప్పు పగిలిన చర్మానికి తగిలి మంట పుడుతుంది. బిడ్డ నిద్రలో గీరుకుంటాడు, గీరిన చోట చీము పడుతుంది. వానలూ వరుస తప్పాయి. 2009లో వానలు లేక కరువుతో వేగిన జిల్లా, అక్టోబరు మొదటి వారంలో వరదలో మునిగింది. పక్కనే ఉన్న మంత్రాలయం కూడా నీళ్ల పాలైంది. ఎండిన చర్మానికి నెలల తరబడి దుమ్ము, ఆ వెంటనే బురదనీరు తగిలితే ఎగ్జిమా తిరగబెట్టకుండా ఉంటుందా?

వయ్యారిభామ సంగతి

కాంగ్రెసు గడ్డి అని పిలుచుకునే ఈ మొక్క మన దేశంలో 1950లలో పుణె దగ్గర కనబడి, తరువాత అంతటా వ్యాపించింది. వాన పడగానే బీడు పొలాల్లో, రోడ్ల పక్కన తెల్లపూలతో లేస్తుంది. శ్రావణ మాసంలో ఈరన్న జాతరకు వెళ్లే దారులు చూడండి, రెండు పక్కలా అదే. దీని పొడి, పుప్పొడి గాలిలో ఎగిరి కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతలలో చర్మాన్ని మందంగా, నల్లగా, దురదగా మారుస్తాయి. ఎక్కువగా నడివయసు రైతులకు వస్తుంది. పొలం పనికి వెళితే పెరిగి, కొన్నాళ్లు ఊరు మారితే తగ్గుతుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిన కొద్దీ ఈ మొక్క మరింత ఏపుగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. అందుచేత పూత రాకముందే, చేతులకు కవరు, ముక్కుకు గుడ్డ కట్టుకుని పీకండి. ఎగ్జిమా ఉన్నవారు ఆ పనికి అసలు పోవద్దు. ఎండిన మొక్కలను తగలబెట్టడం కూడా మంచిది కాదు.

నీళ్లు లేని చోట ఏమి చేయాలి?

రోజూ రెండుసార్లు స్నానం చేయించండి అని చెప్పడం సులభం. బిందె నీళ్ల కోసం బోరు దగ్గర నిలబడేవారికి ఆ మాట ఎలా చెప్పగలం? రోజుకు ఒక్క స్నానం చాలు, గోరువెచ్చని నీళ్లతో, పది నిమిషాలు మించకుండా. ఆ నీళ్లు కూడా లేని రోజు తడిగుడ్డతో చెమట తుడవండి. తరువాత మూడు నిమిషాలలోపు, చర్మం ఇంకా తడిగా ఉండగానే కొబ్బరినూనె గానీ వాజలైన్ గానీ రాయండి. నీటికంటే ఈ నూనే ముఖ్యం. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటే సబ్బు సరిగా వదలక చర్మం మీద మిగిలి మంట పెడుతుంది గనుక సబ్బు బాగా తగ్గించండి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు మన పక్కనే ఉండగా, బిడ్డకు మెత్తని నూలు చొక్కా దొరకదా!

వంకాయ, మాంసం, గుడ్డు అన్నీ మాన్పించి బిడ్డను చిక్కిపోనివ్వకండి. ఫలానా పదార్థం తిన్న ప్రతిసారీ దద్దుర్లు వస్తుంటే అది ఒక్కటే డాక్టరుకు చెప్పండి.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ట్యూబుల మాట చెప్పక తప్పదు. వాటిలో చాలా వాటిలో స్టిరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులలో దురద ఆగుతుంది, అదే మోసం. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, తామర అయితే ఒళ్లంతా పాకుతుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అలాగని స్టిరాయిడ్ విషం కాదు. ఎగ్జిమాకు సరైన బలం గలది, చెప్పినన్ని రోజులు, చెప్పిన చోట రాస్తే అదే మంచి మందు.

మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లేవారు బయలుదేరే ముందు ఒకసారి వచ్చి వెళ్లండి. రెండు మూడు నెలలకు సరిపడా మందు, చీటీ వెంట ఉంచుకోండి. మిరపకాయలు కోసిన చేతులను బాగా కడుక్కోకుండా బిడ్డను ఎత్తుకోవద్దు. పసుపు పచ్చని పెచ్చులు, చీము, జ్వరం కనబడినా, నొప్పి పుట్టే చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచినా పని అయ్యేదాకా ఆగకండి. ఆ రోజే దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి.