ఎన్నికల సలహాదారులకు అధికారం ఉంటుందా?

ప్రశ్న: ఎన్నికలు సక్రమంగా జరిపించడానికి కొన్ని దేశాలకు బయటి నిపుణులను పంపుతారట. వాళ్ల మాట అక్కడ చెల్లుతుందా? మన దేశం నుంచి ఎవరైనా వెళ్లారా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వెళ్లారు. మన తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ 1953లో సూడాన్ తొలి పార్లమెంటు ఎన్నికలు జరిపించారు. అప్పుడు సూడాన్ బ్రిటన్, ఈజిప్టుల ఉమ్మడి పాలనలో ఉంది. ఆ రెండు దేశాలకూ ఒకదానిపై ఒకదానికి నమ్మకం లేదు. అందుకే ఎన్నికలు జరిపించే ఏడుగురి కమిషన్‌కు తటస్థుడైన భారతీయుణ్ణి అధ్యక్షుడిగా పెట్టారు. సభ్యుల్లో ముగ్గురు సూడాన్ వారు. బ్రిటన్, ఈజిప్టు, అమెరికాల నుంచి ఒక్కొక్కరు.

నేటి సలహాదారులకు సాధారణంగా అంత అధికారం ఉండదు. ఆ దేశం కోరితేనో, భద్రతామండలి లేదా సర్వప్రతినిధి సభ తీర్మానిస్తేనో ఐక్యరాజ్యసమితి సాయం అందిస్తుంది. ఓటర్ల జాబితా తయారీ, సిబ్బందికి శిక్షణ, బ్యాలెట్ల సరఫరా, ఫిర్యాదుల పరిష్కారం వంటి వాటిలో సలహాదారులు తోడ్పడతారు. నిర్ణయం మాత్రం స్థానిక ఎన్నికల సంఘానిదే. పరిశీలకులు వేరు, వాళ్లు జరిగింది చూసి నివేదిక ఇస్తారంతే.

2011లో మన ఎన్నికల సంఘం ఢిల్లీలో నెలకొల్పిన శిక్షణ సంస్థకు విదేశీ అధికారులూ వచ్చి నేర్చుకుంటున్నారు. అయితే పాలకులకు చిత్తశుద్ధి లేకపోతే ఏ నిపుణుడి సలహా అయినా కాగితానికే పరిమితం.